మెటాప్లాస్టిక్ రొమ్ము క్యాన్సర్: కణం ఎంత మారిందన్నది కాదు, ఎటు మారిందన్నది చూడాలి

రొమ్ము క్యాన్సర్ బయాప్సీ రిపోర్టు చేతికి రాగానే ఇంట్లోవాళ్ల కళ్లు రెండు చోట్లకే వెళ్తాయి. గ్రేడ్ ఎంత? రిసెప్టర్లు ఏమిటి? ఈస్ట్రోజెన్ (ఈఆర్), ప్రొజెస్టెరాన్ (పీఆర్), హెర్2 అనే మూడు రిసెప్టర్లూ లేకపోతే దాన్ని ట్రిపుల్ నెగటివ్ అంటారు. "గ్రేడ్ 3, ట్రిపుల్ నెగటివ్" అని కనబడితే మిగతా పేజీ ఎవరూ చదవరు. ఫోన్‌లో వెతకడం మొదలవుతుంది, అక్కడ దొరికేదంతా మామూలు ట్రిపుల్ నెగటివ్ గురించే ఉంటుంది. రిపోర్టు మొదటి వరుసలో "మెటాప్లాస్టిక్ కార్సినోమా" అనే మాట ఉంటే మాత్రం అలా వెతకడం వల్ల ఉపయోగం తక్కువ, తప్పుదారి పట్టే అవకాశం ఎక్కువ. ఈ పోస్టు ఆ మొదటి వరుస గురించి. రిపోర్టు పట్టుకుని తిరిగే కుటుంబాలకూ పనికొస్తుంది, స్లైడ్ ముందు కూర్చునే పీజీలకూ పనికొస్తుంది.

ఇది అరుదైన జబ్బు. పాకే రొమ్ము క్యాన్సర్లలో దీని వాటా 0.2 నుంచి 1 శాతం. ఏడాదికి 500 రొమ్ము క్యాన్సర్లు చూసే పెద్ద ల్యాబ్‌కి లెక్కప్రకారం ఒకటి నుంచి ఐదు వస్తాయి. కాలనీలో ఉండే చిన్న ల్యాబ్‌కి కొన్నేళ్లపాటు ఒక్కటీ రాకపోవచ్చు. అందుకే ఈ పేరు ఉన్న రిపోర్టుని రెండో పాథాలజిస్ట్‌కి చూపించమని గట్టిగా చెప్తాం. మొదటివారిని అనుమానించి కాదు. ఇలాంటి స్లైడ్‌ని ఇద్దరు కలిసి చూడటం మా వృత్తిలో మామూలు పద్ధతి.

డిఫరెన్షియేషన్ అంటే పాఠ్యపుస్తకాల్లో విభేదనం. ఒక కణం తన పని నేర్చుకుని, ఆ పనికి తగిన రూపం తెచ్చుకోవడం. క్యాన్సర్ కణం ఆ రూపాన్ని ఎంత నిలుపుకుందో చెప్పేదే గ్రేడ్. పాల నాళంలా గొట్టాలు కడుతుంటే "వెల్ డిఫరెన్షియేటెడ్", ఆ పోలికలన్నీ పోతే "పూర్లీ డిఫరెన్షియేటెడ్". మామూలు డక్టల్ క్యాన్సర్‌కి ఈ కొలమానం బాగా పనిచేస్తుంది. మెటాప్లాస్టిక్‌లో కణం తన రూపం పోగొట్టుకోవడంతో ఆగదు, ఇంకొకరి రూపం తెచ్చుకుంటుంది. చర్మకణంలా మారవచ్చు, కండరపు పీచులా సాగిపోవచ్చు, మృదులాస్థిలా మెరవవచ్చు, ఒక్కోసారి ఎముకే కడుతుంది. ఇక్కడ "ఎంత" అన్న ప్రశ్నకంటే ముందు "ఎటు" అన్న ప్రశ్న వేయాలి. రోగి రాబోయే ఐదేళ్లు ఎలా ఉంటాయన్నది చాలావరకు ఆ జవాబు మీద, దానితోపాటు గడ్డ ఏ దశలో దొరికిందన్నదాని మీద ఆధారపడుతుంది.

రొమ్ము కణానికి ఈ వేషాలు ఎక్కడివి? రొమ్ము చర్మం నుంచి పుట్టిన గ్రంథి, చెమట గ్రంథికి దగ్గరి బంధువు. ప్రతి నాళానికీ రెండు వరుసల కణాలుంటాయి. లోపలి వరుస పాలు తయారుచేసేది. ఈస్ట్రోజెన్ రిసెప్టర్ ఉండేది దీనిలోనే. బయటి వరుస మయోఎపిథీలియల్ కణాలది. నాళాన్ని పిండి పాలను ముందుకు తోసే పని వీటిది. వీటిలో పీ63, సైటోకెరాటిన్ 5, సైటోకెరాటిన్ 14 అనే గుర్తు ప్రోటీన్లు ఉంటాయి, కండర కణాల లక్షణాలు కూడా కొన్ని ఉంటాయి. మెటాప్లాస్టిక్ గడ్డల్లో ఎక్కువగా కనబడే గుర్తులు ఈ బయటి వరుసవే. ఒకే గడ్డలో నాళంలా ఉన్న భాగాన్నీ, పీచులా ఉన్న భాగాన్నీ వేరుగా తీసి జన్యుపరీక్ష చేస్తే రెండింటిలోనూ చాలావరకు అవే మార్పులు దొరుకుతాయి. రెండు జబ్బులు పక్కపక్కన పుట్టలేదు. ఒకే తల్లికణం సంతానం రెండు దారుల్లో వెళ్లింది. కణం పక్క కణాన్ని పట్టుకుని ఉండటానికి వాడే ఈ-క్యాడ్‌హెరిన్ అనే ప్రోటీన్ తగ్గిపోతే పట్టు సడలుతుంది. కణం పొడవుగా సాగి, ఒంటరిగా కదలడం నేర్చుకుంటుంది. మందులకు లొంగకపోవడానికి, రక్తం ద్వారా పాకడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి.

ఇక రకాల సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 వర్గీకరణలో దీనికింద ఆరు పేర్లున్నాయి. లో-గ్రేడ్ అడినోస్క్వేమస్, ఫైబ్రోమటోసిస్ లాంటిది, స్క్వేమస్, స్పిండిల్ సెల్, మృదులాస్థి ఎముకల వంటి పదార్థం కట్టేది, ఇవి కలగలిసినది. మొదటి రెండింటినీ తక్కిన నాలుగింటినీ ఒకే గాటన కట్టడమే ఈ జబ్బులో అన్నిటికంటే పెద్ద తప్పు.

లో-గ్రేడ్ అడినోస్క్వేమస్‌ని ఒకసారి దగ్గరగా చూద్దాం. స్లైడ్‌ని 10 రెట్ల లెన్స్ కింద పెడితే గులాబీ రంగు పీచు మధ్య చిన్నచిన్న గ్రంథులు కనిపిస్తాయి. కొన్ని కామాలా ఒక కొన సాగి ఉంటాయి. కొన్నిటి నడుమ చర్మకణాల చిన్న గుంపు ఉంటుంది. గడ్డ అంచున లింఫోసైట్లు అనే తెల్లకణాలు ఉండలు కట్టి నీలి చుక్కల్లా కూర్చుంటాయి. కేంద్రకాలు చిన్నవి, శాంతంగా ఉంటాయి. విభజనలో ఉన్న కణం కోసం వెతుక్కోవాలి. చాలాసార్లు రేడియల్ స్కార్ లేదా ప్యాపిలోమా అనే హానిలేని మార్పుల పక్కనే పుడుతుంది కాబట్టి "ఏదో మచ్చలే" అని వదిలేసే ప్రమాదం ఒకవైపు ఉంది. ట్యూబ్యులర్ క్యాన్సర్ అని పొరబడే ప్రమాదం ఇంకోవైపు. ట్యూబ్యులర్ అయితే ఈఆర్ గట్టిగా పాజిటివ్ వస్తుంది. ఇది నెగటివ్. ఈఆర్, పీఆర్, హెర్2 మూడూ నెగటివ్ అయినా ఇది నెమ్మది జబ్బు. చంకలోకి పాకడం చాలా అరుదు. అంచుల్లో జబ్బు మిగలకుండా పూర్తిగా తీసేయడమే అసలు చికిత్స. ఈ స్త్రీకి "ట్రిపుల్ నెగటివ్" అన్న రెండు మాటలు చూసి ఆరు నెలలు కీమో ఎక్కిస్తే ఆమెకు జుట్టు పోతుంది, తెల్లకణాలు పడిపోతాయి, దక్కే లాభం మాత్రం దాదాపు ఉండదు.

ఫైబ్రోమటోసిస్ లాంటిది ఇంకా మోసకారి. కణాలన్నీ కదురులా నడుమ కాస్త లావుగా, రెండు కొనలూ సన్నగా, చూడ్డానికి ఏ హానీ లేని మచ్చ కణజాలంలా ఉంటాయి. వేళ్లలాంటి పాయలుగా కొవ్వులోకి దూరుతుంది. మళ్లీ అదే చోట పెరగడం దీని గుణం, దూరంగా పాకడం తక్కువ. కెరాటిన్ అనే ప్రోటీన్‌ని చూపించే రంగు వేయకపోతే ఇది క్యాన్సర్ అన్న అనుమానమే రాదు.

స్క్వేమస్ రకం గడ్డ నడుమ తరచు బోలుగా ఉంటుంది. లోపల పెరుగు తరకల్లాంటి కెరాటిన్, చనిపోయిన కణాలు. సూదితో లాగితే చీములాంటి ద్రవం వస్తుంది కాబట్టి "గడ్డకి చీము పట్టింది" అని యాంటీబయాటిక్ ఇచ్చి పంపే పరిస్థితి వస్తుంది. పాలివ్వని, నలభై దాటిన స్త్రీ రొమ్ములో చీముగడ్డ రెండు వారాల మందులకు తగ్గకపోతే గోడ నుంచి కోర్ బయాప్సీ (లావు సూదితో తీసే ముక్క) తీయాల్సిందే. నడుమ నుంచి కాదు, గోడ నుంచి. నడుమ నుంచి తీస్తే చచ్చిన కెరాటినే వస్తుంది. ఈ రకం అని ఖాయం చేసేముందు రెండు విషయాలు తేల్చుకోవాలి. గడ్డ పైచర్మం నుంచి పుట్టింది కాదని, ఊపిరితిత్తి, గర్భాశయ ముఖద్వారం లాంటి ఇంకో చోట నుంచి వచ్చింది కాదని. మన దగ్గర గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ఎక్కువ కాబట్టి ఆ పరీక్ష మరచిపోకూడదు.

ఇక్కడే రిపోర్టులో ఒక గందరగోళం పుడుతుంది. "వెల్ డిఫరెన్షియేటెడ్ స్క్వేమస్ ఏరియాస్" అని ఒక వరుసలో, "నాటింగ్‌హామ్ గ్రేడ్ 3" అని కింద ఇంకో వరుసలో ఉంటుంది. మొదటిది చదివి కుటుంబం ఊపిరి పీల్చుకుంటుంది, రెండోది చదివి బెంబేలెత్తుతుంది. రెండూ నిజమే. కెరాటిన్ ముత్యాలు కట్టేంతగా ఆ కణాలు చర్మం వైపు బాగా మారాయి. పాల నాళం పోలిక మాత్రం ఏమీ మిగల్లేదు. "వెల్" అన్న మాట ఇక్కడ భరోసా కాదు.

స్పిండిల్ సెల్ రకంలో హై-గ్రేడ్‌వే ఎక్కువ, అవి కఠినమైనవి. దీన్ని ప్రాణాంతక ఫిలోడ్స్ ట్యూమర్ (రొమ్ములోని పీచు కణజాలంలో పెరిగే గడ్డ) నుంచీ, సార్కోమా (కండరం, కొవ్వు, పీచు లాంటి కణజాలాల క్యాన్సర్) నుంచీ వేరుచేయడం పాథాలజిస్ట్‌కి అసలు పరీక్ష. మృదులాస్థి, ఎముక కట్టే రకాన్ని కోత బల్ల మీదే కొంత గుర్తుపట్టవచ్చు. కోసిన తలం ముత్యంలా మెరుస్తుంది, ఎముక ఉన్నచోట కత్తి గరగరమంటుంది. మామోగ్రామ్‌లో మాత్రం గుండ్రంగా, నున్నటి అంచుతో, ఫైబ్రోఅడినోమా అనే హానిలేని గడ్డలా కనిపించి మోసం చేస్తుంది. వయసు మళ్లిన స్త్రీలో నెలల్లో రెట్టింపయ్యే "ఫైబ్రోఅడినోమా" ఉండదు. ఆ మాట అలాంటి స్కాన్ రిపోర్టులో కనిపిస్తే కోర్ బయాప్సీ అడగండి. ఈ రకం మిగతా హై-గ్రేడ్ రకాలకంటే కాస్త మెరుగని కొన్ని అధ్యయనాల్లో కనిపించింది గానీ, అది చూసి చికిత్స తగ్గించడం సరికాదు.

గ్రేడ్ లెక్క ఒకసారి వేసి చూపితే ఇందులో ఇరుకు ఎక్కడుందో తెలుస్తుంది. నాటింగ్‌హామ్ పద్ధతిలో మూడు మార్కులు కలుపుతాం. గొట్టాలు గడ్డలో 75 శాతం దాటితే 1, 10 నుంచి 75 శాతం అయితే 2, 10 శాతంకంటే తక్కువైతే 3. కేంద్రకాల వికృతికి 1 నుంచి 3. విభజనలో ఉన్న కణాలను 40 రెట్ల లెన్స్‌తో పది ఫీల్డుల్లో లెక్కపెట్టి 1 నుంచి 3. మొత్తం 3, 4, 5 వస్తే గ్రేడ్ 1. 6, 7 గ్రేడ్ 2. 8, 9 గ్రేడ్ 3. స్పిండిల్ సెల్ గడ్డ గొట్టాలు కట్టదు కాబట్టి మొదటి అంశంలో ఎప్పుడూ 3 మార్కులే. అంటే ఫైబ్రోమటోసిస్ లాంటి శాంతమైన గడ్డకి కూడా 3+1+1, మొత్తం 5. కేంద్రకం కాస్త పెద్దదిగా అనిపించి 2 వేస్తే చాలు, గ్రేడ్ 2 లోకి దూకుతుంది. అందుకే ఈ జబ్బులో గ్రేడ్ అంకె ఒక్కటే రాస్తే సరిపోదు. ఏ రకం, ఒక్కో రకం గడ్డలో ఎంత శాతం, మూడు మార్కులూ విడివిడిగా ఎంతెంత అన్నవి రిపోర్టులో ఉండాలి.

పీజీలకు ఇంకో మాట. విభజనల లెక్క మైక్రోస్కోప్ ఫీల్డు వ్యాసం మీద ఆధారపడుతుంది. వ్యాసం 0.55 మిల్లీమీటర్లయితే పది ఫీల్డుల్లో 8 వరకు 1 మార్కు, 9 నుంచి 17 వరకు 2, 18 ఆపైన 3. అదే 0.50 అయితే 7 వరకు 1, 8 నుంచి 14 వరకు 2, 15 ఆపైన 3. కొత్త మైక్రోస్కోప్ కొన్నాక పాత పట్టికే గోడకి అంటించి ఉంచితే ప్రతి రిపోర్టులోనూ తప్పు దొర్లుతుంది. ఐపీస్ మీద రాసిన ఫీల్డ్ నంబరుని ఆబ్జెక్టివ్ శక్తితో భాగిస్తే వ్యాసం వస్తుంది. 22ని 40తో భాగిస్తే 0.55. లెక్క గడ్డ అంచున, విభజనలు ఎక్కువగా ఉన్నచోట మొదలుపెట్టండి. ముడుచుకుపోయి నల్లబడ్డ కేంద్రకాలను విభజనలుగా లెక్కపెట్టకండి.

కణాల్లోని ప్రోటీన్లను రంగుతో చూపించే ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీకి వస్తే, రొమ్ములో కదురు కణాలు కనిపించిన ప్రతిసారీ ముందు అనుకోవాల్సింది మెటాప్లాస్టిక్ క్యాన్సర్ అనే. అది కాదని తేలాకే ఇంకో పేరు. ఖర్చు తగ్గించాలని ఎఈ1/ఎఈ3 అనే ఒక్క కెరాటిన్ రంగు వేసి, నెగటివ్ రాగానే సార్కోమా అనడం సరికాదు. ఈ గడ్డల్లో కెరాటిన్ అక్కడక్కడ చుక్కలుగానే ఉంటుంది. ఒక కెరాటిన్ నెగటివ్ వచ్చిన బ్లాక్‌లోనే (ముక్కని పొదిగిన మైనపు దిమ్మ) ఇంకొకటి పాజిటివ్ రావచ్చు. కాబట్టి ఎఈ1/ఎఈ3తోపాటు 34 బీటా ఈ12, సీకే5/6, సీకే14, పీ63 కలిపి వేయాలి. కోర్‌లో అన్నీ నెగటివ్ వచ్చినా, ఆపరేషన్ తర్వాత గడ్డ నుంచి ఎక్కువ బ్లాకులు తీసి మళ్లీ వేయాలి. గడ్డ పొడవులో సెంటీమీటరుకి ఒక బ్లాక్ కనీసం, కదురు కణాల గడ్డలో అంతకంటే ఎక్కువ. ఎక్కడో ఒక మూల డీసీఐఎస్ (నాళం దాటి బయటికి రాని తొలిదశ క్యాన్సర్) దొరికిందంటే క్యాన్సరేనని చెప్పడానికి గట్టి సాక్ష్యం. ఆకుల్లాంటి చీలికలు దొరికితే ఫిలోడ్స్ వైపు మొగ్గాలి. సీడీ34 పాజిటివ్ కూడా ఫిలోడ్స్ వైపే చూపిస్తుంది, కానీ ప్రాణాంతక ఫిలోడ్స్‌లో సీడీ34 పోవచ్చు, అందులోనూ అక్కడక్కడ పీ63 చుక్కలు రావచ్చు. బీటా-కెటెనిన్ కేంద్రకంలో కనిపిస్తే ఫైబ్రోమటోసిస్ అని వెంటనే రాయకండి. మెటాప్లాస్టిక్‌లోనూ అది కనిపిస్తుంది. ఎస్100, సాక్స్10 పాజిటివ్ అని మెలనోమా (రంగు కణాల క్యాన్సర్) అనడమూ ఇలాంటి తొందరే. ట్రిపుల్ నెగటివ్ రొమ్ము క్యాన్సర్లలో సాక్స్10 తరచు పాజిటివ్.

ఈ పేరు తేడాకి ఇంత పట్టుదల ఎందుకంటే చికిత్స మారిపోతుంది. ఫిలోడ్స్ అయితే వెడల్పు అంచుతో తీస్తారు, చంకలో బిళ్లలు (లింఫ్ గ్రంథులు) మామూలుగా ముట్టుకోరు, కీమో దాదాపు ఉండదు. హై-గ్రేడ్ మెటాప్లాస్టిక్ అయితే సెంటినెల్ బిళ్ల పరీక్ష (జబ్బు ముందుగా చేరే చంక బిళ్లని తీసి చూడటం), కీమో, అవసరమైతే కరెంటు పెట్టడం (రేడియేషన్) అన్నీ ఆలోచించాలి.

ఇదంతా సరిగ్గా తేలాలంటే ముక్క సరిగ్గా రావాలి. హైదరాబాద్ ల్యాబులకి చాలా నమూనాలు జిల్లాల్లోని నర్సింగ్‌హోముల నుంచి, రోగి బంధువుల చేతుల్లో, బస్సుల్లో వస్తాయి. ఈ జబ్బు గతి సగం ఆ డబ్బాలోనే తేలిపోతుందంటే అతిశయోక్తి కాదు. ఆపరేషన్‌లో తీసిన గంటలోపు ముక్క ఫార్మలిన్‌లో మునగాలి. ఫార్మలిన్ అంటే 10 శాతం న్యూట్రల్ బఫర్డ్ ఫార్మలిన్. బజారులో దొరికే 40 శాతం ఫార్మాల్డిహైడ్ 100 మిల్లీలీటర్లు, నీళ్లు 900 మిల్లీలీటర్లు, సోడియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ 4 గ్రాములు, డైసోడియం హైడ్రోజన్ ఫాస్ఫేట్ 6.5 గ్రాములు. ముక్క పరిమాణానికి కనీసం పది రెట్లు ద్రవం ఉండాలి. రొమ్ము మొత్తం తీసినప్పుడు దాన్ని అలాగే బకెట్‌లో పడేస్తే లోపల కుళ్లుతుంది. ఫార్మలిన్ గంటకి సుమారు ఒక మిల్లీమీటరే లోపలికి దిగుతుంది, కొవ్వులో అయితే ఇంకా నెమ్మది. అందుకే 5 నుంచి 10 మిల్లీమీటర్ల మందాన అరలుగా కోసి, అరల మధ్య గాజుగుడ్డ పెట్టి ముంచాలి. కోసేముందు అంచులకు రంగు పూయాలి, లేకపోతే ఏ వైపు అంచున జబ్బు మిగిలిందో తర్వాత ఎవరూ చెప్పలేరు. కనీసం 6 గంటలు, గరిష్ఠంగా 72 గంటలు.

పొరపాట్లు ఎక్కువగా జరిగేది ఇలా. ముక్కని సెలైన్‌లో వేసి పంపుతారు. కుళాయినీళ్లతో అంచనాకి కలిపిన ఫార్మలిన్‌లో వేస్తారు. సన్నమూతి సీసాలో కుక్కుతారు, గట్టిపడ్డాక బయటికి రాదు. మే నెలలో, శనివారం సాయంత్రం తీసిన గడ్డ సోమవారం దాకా ఫార్మలిన్ చాలక ఎండలో వేచి ఉంటుంది. అలాంటి ముక్కలో ఈఆర్ నిజంగా ఉన్నా రంగు పట్టకపోవచ్చు. అప్పుడు పుట్టేది అబద్ధపు ట్రిపుల్ నెగటివ్. దీన్ని పట్టుకునే మార్గం ఒకటుంది. అదే స్లైడ్‌లో గడ్డ పక్కన మామూలు నాళాలుంటాయి. వాటిలో కొన్ని కణాలైనా ఈఆర్‌కి గోధుమరంగు పట్టాలి. అవీ పట్టలేదంటే ఆ పరీక్ష చెల్లదు, ఇంకో బ్లాక్ మీద మళ్లీ చేయాలి. రిపోర్టులో "ఇంటర్నల్ కంట్రోల్ పాజిటివ్" అన్న మాట ఉందా అని కుటుంబమైనా అడగవచ్చు. ఈఆర్ 1 శాతం కణాల్లో ఉన్నా పాజిటివే. 1 నుంచి 10 శాతం అయితే "లో పాజిటివ్" అని రాయాలి. హెర్2 2+ వస్తే ఫిష్ పరీక్ష (హెర్2 జన్యువు కాపీలు లెక్కపెట్టేది) చేయకుండా నెగటివ్ అని తేల్చకూడదు.

ఎముక కట్టిన గడ్డకి ఇంకో చిక్కు ఉంది. కత్తి దిగదని ముక్కని ఆసిడ్‌లో నానబెడతారు. గట్టి ఆసిడ్‌లో నానిన ముక్కలో డీఎన్‌ఏ చెడుతుంది, ఫిష్ పనిచేయదు, రిసెప్టర్ రంగులూ నమ్మదగ్గవి కావు. మెత్తగా ఉన్న భాగాల నుంచి ముందే బ్లాకులు తీసి పక్కన పెట్టాలి. ఎముక ఉన్నదాన్ని మాత్రమే ఈడీటీఏ అనే మెత్తని ద్రావణంలో, రోజులు పట్టినా సరే, కరిగించాలి.

ఇక జబ్బు ముందుముందు ఎలా నడుస్తుందన్న సంగతి. హై-గ్రేడ్ మెటాప్లాస్టిక్ మామూలు ట్రిపుల్ నెగటివ్‌కంటే కొంత మొండిది. గడ్డ దొరికేసరికి తరచు పెద్దగా ఉంటుంది, 2 సెంటీమీటర్లు దాటి ఉండటం మామూలు. అంత సైజుకి చంకలో బిళ్లలు ఉండాల్సినంతగా ఉండవు. బిళ్లలు లేవని ధైర్యం తెచ్చుకోవడం ఇక్కడ సగమే సరైనది. ఇది రక్తం ద్వారా ఊపిరితిత్తులకి, మెదడుకి వెళ్లే జబ్బు. ఆపరేషన్‌కి ముందు ఇచ్చే కీమోకి గడ్డ పూర్తిగా కరిగిపోయే సందర్భాలు మామూలు ట్రిపుల్ నెగటివ్‌తో పోలిస్తే బాగా తక్కువ. కొందరిలో కీమో నడుస్తుండగానే గడ్డ పెరుగుతుంది. అందుకే తీయగలిగిన గడ్డని ముందే తీసేయడం మంచిదని చాలామంది వైద్యులు అంటారు, మేమూ ఆ వైపే. కీమో ముందే ఇవ్వాల్సి వస్తే 21 రోజుల ప్రతి సైకిల్‌కి ముందు గడ్డని క్యాలిపర్‌తో కొలిచి రాసుకోవాలి. రెండు సైకిళ్లకి ఒకసారి అల్ట్రాసౌండ్ చేయించాలి. పెరుగుతోందని తేలితే మిగతా సైకిళ్లు అయ్యేదాకా ఆగకుండా సర్జన్ దగ్గరికి వెళ్లాలి.

కీమో తర్వాత జబ్బు మిగిలితే కేపెసైటబిన్ అనే కీమో మాత్రల మాట వస్తుంది. 2వ, 3వ దశ ట్రిపుల్ నెగటివ్‌లో పెంబ్రోలిజుమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందు (రోగనిరోధక శక్తిని క్యాన్సర్ మీదికి మళ్లించేది) ఇవ్వడం ఇప్పుడు ప్రామాణికమే, కానీ ఆ ఆధారాలు మామూలు ట్రిపుల్ నెగటివ్ నుంచి వచ్చినవి. మెటాప్లాస్టిక్‌లో ఇమ్యునోథెరపీకి విడిగా ఉన్న ఆధారాల్లో ఒకటి ఇపిలిముమాబ్, నివోలుమాబ్ కలిపి ఇచ్చిన డార్ట్ ట్రయల్. పాకిన జబ్బు ఉన్న 17 మందిలో ముగ్గురికి గడ్డలు తగ్గాయి, ఆ ముగ్గురిలో ఫలితం చాలాకాలం నిలిచింది. చిన్న సంఖ్యే. ఖర్చుకి ఇల్లు అమ్మేముందు ఈ సంఖ్యని డాక్టరుతో కూర్చుని మాట్లాడండి. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో 5 లక్షల నుంచి 10 లక్షలకు పెరిగింది. ఏ మందు దాని కింద వస్తుందో, ఏది రాదో చికిత్స మొదలుకాకముందే ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రని అడిగి తెలుసుకోండి.

ట్రిపుల్ నెగటివ్ అన్న మాట కింద ఇంకెన్ని జబ్బులున్నాయో చెప్పడానికి ఇంకో రెండు పేర్లు. అడినాయిడ్ సిస్టిక్ క్యాన్సర్, సెక్రెటోరీ క్యాన్సర్. రెండూ చాలామందిలో ట్రిపుల్ నెగటివే, రెండూ చాలావరకు నెమ్మదివే. సెక్రెటోరీలో ఈటీవీ6, ఎన్‌టీఆర్‌కే3 అనే రెండు జన్యువులు అతుక్కుని ఉంటాయి, దానికి సూటిగా పనిచేసే మందులున్నాయి. పేరు సరిగ్గా తేలకపోతే ఆ మందు దాకా ఎవరూ వెళ్లరు.

బీఆర్‌సీఏ (వంశపారంపర్యంగా రొమ్ము క్యాన్సర్ తెచ్చే జన్యువులు) రక్తపరీక్ష మెటాప్లాస్టిక్ అని తేలినా చేయించండి. దానివల్ల ఆమె చికిత్సా మారవచ్చు, అక్కచెల్లెళ్లకీ కూతుళ్లకీ ముందుజాగ్రత్త దొరకవచ్చు.

చికిత్స అయ్యాక మొదటి మూడేళ్లు మూడు నుంచి ఆరు నెలలకొకసారి డాక్టరు చేత్తో పరీక్షించాలి, ఏడాదికి ఒక మామోగ్రామ్. మూడు వారాలు దాటిన పొడి దగ్గు, మెట్లెక్కితే కొత్తగా వచ్చే ఆయాసం, పొద్దున లేవగానే వాంతితో వచ్చే తలనొప్పి, ఆపరేషన్ మచ్చ కింద చేతికి తగిలే కొత్త గట్టిదనం కనిపిస్తే అపాయింట్‌మెంట్ తేదీ దాకా ఆగొద్దు.

రెండో అభిప్రాయానికి వెళ్లేటప్పుడు హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్లినా, పంజగుట్ట నిమ్స్‌కి వెళ్లినా, బంజారాహిల్స్ బసవతారకంకి వెళ్లినా, ఇంకెక్కడికి వెళ్లినా రిపోర్టు జిరాక్స్ ఒక్కటీ చాలదు. రంగు వేసిన స్లైడ్లన్నీ, పారఫిన్ బ్లాకులు, కోర్ బయాప్సీవి విడిగా, ఆపరేషన్‌వి విడిగా, స్కాన్ సీడీలు తీసుకెళ్లండి. రంగు వేయని స్లైడ్లు మాత్రమే ఇస్తామంటే బ్లాక్ కూడా అడగండి. కోసి పెట్టిన స్లైడ్ వారాలు గడిచేకొద్దీ రంగు పట్టే గుణం కోల్పోతుంది, బ్లాక్‌లో అది నిలుస్తుంది. బ్లాక్ అంటే మైనమే, 56 నుంచి 60 డిగ్రీల మధ్య కరుగుతుంది. ఎండలో ఆపిన కారు డాష్‌బోర్డు మీద పెట్టొద్దు. గట్టి డబ్బాలో, ఒక్కో బ్లాక్‌కి దూది చుట్టి, పైన ల్యాబ్ నంబరు రాసి, చేతిసంచిలో మీ దగ్గరే ఉంచుకోండి. ఎన్ని బ్లాకులు తీసుకున్నారో ఇచ్చినవాళ్ల చేత కాగితం మీద రాయించుకుని సంతకం పెట్టించుకోండి. పని అయ్యాక వాటిని తిరిగి అదే ల్యాబ్‌కి ఇచ్చేయండి, రెండేళ్ల తర్వాత కొత్త మందు కోసం ఇంకో పరీక్ష కావాల్సివస్తే వెతుక్కునేది ఆ అరలోనే.